మొక్కజొన్న పూర్వికుని వెదకిన జార్జి బీడిల్

తొలకరి వానలు కురిసి చేలు పచ్చబడిన దినములలో నిప్పులపై కాల్చిన మొక్కజొన్న పొత్తును రుచిచూడని వారు మనలో నరుదు. తెలంగాణమున మక్క యని వ్యవహరింపబడు నీ పైరు నేడు తెలుగు జిల్లాల పొలములలో విస్తారముగా పండుచున్నది. అయినను ఇది మన దేశమున బుట్టినది కాదు. కొలంబసు సముద్రయానమునకు పూర్వము అమెరికా ఖండములలో దక్క మఱెక్కడను దీనిని సాగుచేసినవారు లేరు. ఈ పైరునందు మఱియొక విచిత్రము గలదు. వరికి అడవిచుట్టము నివ్వరి. అది తడినేలలయందు తనంతట దానే మొలచి, గింజ రాల్చి, మరల మొలచుచుండును. గోధుమకును యవలకును అట్టి చుట్టములు పశ్చిమాసియా కొండలలో నేటికిని గలవు. వానిని చూచిన రైతు, ఇది నా పైరునకు బంధువని వెంటనే గుర్తింపగలడు. మొక్కజొన్నకు మాత్రము అట్టి అడవి రూపము ఎవ్వరికిని కానరాలేదు. ఇంతియకాదు, మనుష్యుని సహాయము లేనిదే ఇది తరములు గడపజాలదు. దాని గింజలు బెండునకు గట్టిగా నంటియుండి రాలవు. వానిపై ఆకుపొరలు బిగువుగా చుట్టుకొనియుండును. పొత్తు పొత్తుగా నేల రాలినచో వందల మొలకలు ఒక్కచోటనే లేచి, ఒండొంటిని అణచివేసికొనును. మనుష్యుడు ఒలిచి, ఎండబెట్టి, వేర్వేరుగా విత్తిననే దానికి సంతానము.

అట్లయిన, మనుష్యుడు లేనినాడు ఇది ఎట్లు బ్రతికినది? ఈ ప్రశ్న వట్టి వృక్షశాస్త్ర వినోదము కాదు. అడవిలో మొక్కజొన్న వంటి మొక్కయే యొకప్పుడు పెరిగి, పిదప నశించినదని చెప్పినచో, అమెరికా ఆదిమవాసులు సిద్ధముగానున్న వస్తువును చేజిక్కించుకొనిరని తాత్పర్యము. అట్లుగాక, ఏదో యొక పనికిమాలిన గడ్డిని తరతరములుగా ఏరి, దాచి, విత్తి, తుదకు ప్రపంచమున కన్నముపెట్టు సస్యముగా మార్చినది వారేయైనచో, మనుష్యజాతి వ్యవసాయచరిత్రలో దానికి సాటివచ్చు కార్యము మఱియొకటి కలదా యని విచారింపవలసివచ్చును. ఈ రెండవ పక్షమును యౌవనమున నమ్మి, వార్ధక్యమున నిరూపింప బూనిన వాడు జార్జి వెల్స్ బీడిల్. లోక మాయనను నోబెల్ బహుమానము నందిన జన్యుశాస్త్రజ్ఞునిగా నెఱుగును. ఆ ఖ్యాతి వేఱొక పరిశోధనవలన గలిగినది. దానిని గూర్చి ముందు కొంచెము చెప్పుదుము. ఆయన మనస్సు మాత్రము మొదటినుండి తుదివఱకు మొక్కజొన్న చేనియందే యుండెను.

బీడిల్ 1903 అక్టోబరు 22వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని నెబ్రాస్కా రాష్ట్రమున వాహూ అను చిన్న పట్టణపు పొలిమేరలో, నలుబది ఎకరముల కమతముగల యొక కాపుకుటుంబమున జన్మించెను. నాలుగైదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. దున్నుట, కలుపుతీయుట, కూరగాయలు కోసి సంతకు బంపుట ఆయనకు చదువుకంటె ముందు అబ్బిన విద్యలు. కుమారుడు కమతమునే నమ్ముకొని యుండవలెనని తండ్రి కోరిక. ఉన్నతపాఠశాలలో శాస్త్రము బోధించిన యొక ఉపాధ్యాయురాలు ఈ బాలుని బుద్ధిసూక్ష్మతను గనిపెట్టి, కళాశాలకు బోవలసినదేయని పట్టుపట్టెను. ఆమె మాట చెల్లినది. లింకన్ నగరమునందలి నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము చదివి, 1926లో పట్టమును, మఱుసటి సంవత్సరము పై పట్టమును బొందెను. చదువు ముగించి పొలమునకు మరలిపోవలెనను తలంపుతోనే ఆయన లింకనునకు వెళ్లియుండెను. ఆచార్యుల ప్రోత్సాహమున కార్నెల్ విశ్వవిద్యాలయమునకు బోవుటతో ఆ తలంపు తీరినది.

ఆనాటి కార్నెల్ మొక్కజొన్న జన్యుశాస్త్రమునకు కాశివంటిది. దానికి పెద్ద రోలిన్స్ ఎమర్సన్. మండుటెండలో చేనిలో దిరుగుచు, శిష్యులతో గలిసి స్వయముగా పూతకట్టు ఆచార్యుడాయన. తరువాతికాలమున మహాప్రసిద్ధి గాంచిన బార్బరా మక్లింటాక్, మార్కస్ రోడ్స్ ఆ చేలయందే బీడిల్‌కు సహాధ్యాయులు. ఎమర్సన్ ఈ యువకునకు అప్పగించిన పనులలో నొకటి, మొక్కజొన్నను టియోసింటేతో సంకరపఱచి, ఆ సంకరసంతానమును సూక్ష్మదర్శనితో పరీక్షించుట.

టియోసింటే యననేమో చెప్పవలెను. మెక్సికో, గ్వాటిమాలా దేశముల కొండచరియలయందును, చేలగట్లయందును పెరుగు నొక మోటుగడ్డి యిది. మెక్సికో ప్రాచీనుల నహువా భాషలో దీని పేరునకు దేవతల కంకి యని యర్థము. దూరమునుండి జూచిన మొక్కజొన్నయే యని భ్రమ గలుగును. దగ్గఱకు బోయి చూచినచో పోలిక యంతయు మాయమగును. మొక్కజొన్న సాధారణముగా ఒంటికాడపై ఒకటి రెండు పెద్ద పొత్తులు వేయును. టియోసింటే కొమ్మలు కొమ్మలుగా విరిసి, లెక్కకు మిక్కిలియైన చిన్న కంకులను వేయును. మొక్కజొన్న పొత్తున వందల గింజలుండగా, టియోసింటే కంకిలో రెండు వరుసలుగా ఐదు మొదలు పండ్రెండు వఱకు గింజలుండును. ప్రతి గింజయు రాతివంటి పెంకులో బంధింపబడియుండును. పండినతోడనే కంకి కణుపు కణుపుగా విరిగి నేల రాలును. పంటితో గొఱికిన పన్ను విఱుగునేగాని పెంకు విఱుగదు. దీనిని మొక్కజొన్నకు తల్లి యనుట సామాన్యదృష్టికి హాస్యాస్పదము. అప్పటి వృక్షశాస్త్రజ్ఞులును దీనిని మొక్కజొన్న ప్రజాతిలో జేర్పక, వేఱొక ప్రజాతిగా పరిగణించుచుండిరి.

సంకరము చేయుట మాటలలో సులభము. చేతలలో ఓర్పు గావలెను. మొక్కజొన్నకు పుంపుష్పములు కొననున్న గుత్తియందును, స్త్రీపుష్పములు కాడ ప్రక్కనున్న పొత్తునందును పుట్టును. పొత్తునుండి పీచు వెలువడకమునుపే దానికి సంచి తొడుగవలెను. లేనిచో గాలికి వచ్చు పుప్పొడి ఏదో దానిపై బడి పని చెడును. టియోసింటే గుత్తిని వేఱొక సంచిలో దులిపి, ఆ పుప్పొడిని పీచుపై జల్లి, మరల సంచి మూయవలెను. అన్నిటికంటె పెద్ద చిక్కు ఏమనగా, టియోసింటే ఉష్ణదేశపు మొక్కయగుటచేత పగలు తగ్గిననేగాని పూయదు. కార్నెల్ నున్న యుత్తరప్రాంతమున వేసవి పగళ్లు మిక్కిలి దీర్ఘములు. పగళ్లు తగ్గుసరికి మంచు కురియును. ఎమర్సన్ ఈ మొక్కలకు వెలుతురును ప్రతిదినము కొంతసేపు మఱుగుపఱచి, పగలు చిన్నదియైనట్లు వానిని మభ్యపెట్టి పూయించు నుపాయమును అంతకు మునుపే సాధించియుండెను.

ఇట్లు పుట్టిన సంకరపు మొక్కలను బీడిల్ పరీక్షించి చూచినది ఏమి? రెండింటికిని పదేసి జతల క్రోమోసోములు. సంకరపు మొక్కయందు మొక్కజొన్న క్రోమోసోము, టియోసింటే క్రోమోసోము ఒక తల్లి బిడ్డలవలె చక్కగా జతగూడినవి. వాని నడుమ భాగముల మార్పిడియు, మెక్సికో టియోసింటే రకములలో, శుద్ధమైన మొక్కజొన్నయందువలెనే జరిగినది. సంతానము గొడ్డుపోలేదు; నిండుగా గింజ వేసినది. గుఱ్ఱమునకును గాడిదకును పుట్టిన కంచరగాడిద గొడ్డుదగుట లోకవిదితము. రెండు జాతులు నిజముగా దూరములైనచో సంకరమున కట్టి గతి పట్టవలెను. ఇక్కడ అట్టిది లేదు. కావున రూపమున నెంత భేదమున్నను, ఇవి రెండును ఒకటే జాతియనియు, టియోసింటేయే మొక్కజొన్నకు పూర్వికమనియు ఎమర్సన్ నమ్మెను, శిష్యుడును నమ్మెను. వారి పరిశోధనాఫలము 1932లో ప్రకటింపబడినది.

అప్పటికే బీడిల్ 1931లో డాక్టరు పట్టము నంది, కాలిఫోర్నియాకు జేరియుండెను. అక్కడ మోర్గన్ పండితుని పరిశోధనాలయమున పండ్ల యీగలపై పనిచేసెను; 1935లో పారిసునకు బోయి బోరిస్ ఎఫ్రుస్సీతో గూడ ఈగ కన్నుల రంగులను గూర్చి శోధించెను; పిదప హార్వర్డునకును, 1937లో స్టాన్‌ఫర్డునకును మాఱెను. స్టాన్‌ఫర్డున ఎడ్వర్డ్ టేటమ్‌తో గలిసి, రొట్టెపై పట్టు నొక యెఱ్ఱబూజును తీసికొని, ఎక్స్-కిరణములతో దానిని గాయపఱచి, సంతానములో ఏది ఏ పోషకద్రవ్యమును తయారుచేసికొనలేక కుంటుపడినదో యొకటొకటిగా పరీక్షించిరి. 299వ పరీక్షనాళిక యందలి బూజు, బి6 విటమినును స్వయముగా తయారుచేసికొనలేనిదని తేలినది. జన్యువు లోనుండి చేయు పని ఏమను ప్రశ్నకు, ప్రతి జన్యువును శరీరరసాయనమున నొక ఎంజైమును శాసించునని 1941లో వారు సమాధానము చూపిరి. దీనికే 1958లో నోబెల్ బహుమానము. జాషువా లెడర్‌బర్గ్ అను మఱియొక శాస్త్రజ్ఞుడును అందులో భాగస్వామి. నూఱు నాళికలతో విసిగి యూరకున్నచో ఈ కథ లేదు. ఈ పట్టుదలయే ముప్పదియేండ్ల తరువాత మొక్కజొన్నచేనిలో మరల గాననగును.

ఇంతలో మొక్కజొన్న పుట్టుక విషయమున పెద్ద మతభేదము లేచినది. టెక్సస్ రాష్ట్రమున పాల్ మాంగెల్స్‌డార్ఫ్, రాబర్ట్ రీవ్స్ అను నిరువురు మొక్కజొన్నను ట్రిప్సాకము అను వేఱొక దూరపు గడ్డితో సంకరపఱచుటకు బూనిరి. ట్రిప్సాకపు పుప్పొడి మొక్కజొన్న పీచు పొడవునను గింజవఱకు చొరలేదు. కావున పీచును మొదలంట కత్తిరించి, పొట్టిచేసి, దానిపై పుప్పొడి జల్లిరి. అతికష్టముమీద కొన్ని గింజలు కట్టినవి. వానినుండి మొలచిన మొక్కల పుప్పొడి నిస్సారము. ఆ నేర్పు అనన్యసామాన్యమని యొప్పుకొనవలసినదే. దానినుండి వారు చేసిన యూహ యిది: అడవి మొక్కజొన్న యొకప్పుడు దక్షిణ అమెరికాలో నుండి నశించెను, సాగులోని మొక్కజొన్న దానినుండి వచ్చినది, ఆ మొక్కజొన్న ట్రిప్సాకముతో గలియగా పుట్టిన సంకరజాతియే టియోసింటే. అనగా టియోసింటే తల్లి కాదు, బిడ్డ. ఈ సిద్ధాంతము 1939లో గ్రంథరూపమున వెలువడినది.

బీడిల్ అప్పుడు బూజు పరిశోధనకు పూనుకొను దినములు. అయినను ఆ సంవత్సరమే యొక చిన్న వ్యాసమున బదులుచెప్పెను. మనుష్యులు పీచు కత్తిరించి, నానాపాట్లు పడిననేగాని కుదరని సంకరము, అడవిలో గాలివాటున జరిగి, ఒక కొత్తజాతిని బుట్టించి, మెక్సికోనుండి గ్వాటిమాలావఱకు వ్యాపించినదనుట నమ్మదగినదా యని ఆయన శంక. ట్రిప్సాకమునకు క్రోమోసోములు పదునెనిమిది జతలు. దాని సంతానమైన టియోసింటే మొక్కజొన్నతో అంత చక్కగా జతగూడుట ఎట్లు పొసగును? ఎదుటిపక్షమువారి బలమైన ఆక్షేపణ యొకటి యుండెను. రాతిపెంకులోనున్న గింజను ఆదిమవాసి ఎట్లు తినును, తినజాలనిదానిని ఏల సాగుచేయునని. బీడిల్ సమాధానమును నోటితో గాక నిప్పుతో జెప్పెను. టియోసింటే గింజలను వేడిచేసి చూచెను. అవి పెంకును చీల్చుకొని, మొక్కజొన్నవలెనే తెల్లగా విచ్చి పేలాలైనవి. తొలి యేకాదశినాడు జొన్నపేలాల పిండి తిను మన కీ యుపాయమున వింత యేమియు లేదు. ఏ మంగలమును, ఏ తిరుగలియు లేనివారికిని నిప్పును వేడి యిసుకయు జాలును. ఇంత సామాన్యమైన ప్రయత్నము అంతవఱకు చర్చలో తేబడకపోవుట మాత్రము వింతయే.

ఆ వ్యాసమునకు ఫలితము స్వల్పము. మాంగెల్స్‌డార్ఫ్ 1940లో హార్వర్డున ఆచార్యుడయ్యెను. ఆయన పక్షమునకు త్రవ్వకములనుండి సాక్ష్యములు దొఱకసాగెను. న్యూమెక్సికో రాష్ట్రపు గబ్బిలాల గుహలో 1948లో, పిదప 1960 దశకమున మెక్సికోలోని తెవాకాన్ లోయ గుహలలో, వ్రేలెడు పొడవుగల ప్రాచీనపు పొత్తులు బయల్పడినవి. తెవాకాన్ పొత్తులలో మిక్కిలి పాతవానిని అడవి మొక్కజొన్నవని ఆయన నిశ్చయించెను. మెక్సికో నగరమున నొక భవనమునకు పునాదికై లోతుగా త్రవ్విన మట్టిలో దొఱకిన పుప్పొడి, మనుష్యుడు ఆ ఖండమున అడుగిడుటకు బహుసహస్రవర్షములకు పూర్వపు అడవి మొక్కజొన్నదని ప్రకటింపబడినది. పాఠ్యపుస్తకములు ఆయన మతమునే బోధించినవి. టియోసింటేయే పూర్వికమను వారు అల్పసంఖ్యాకులైరి. బీడిల్ 1946నుండి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో జీవశాస్త్రశాఖకు అధ్యక్షుడు. 1961నుండి చికాగో విశ్వవిద్యాలయమునకు అధిపతి. విద్యార్థుల కలతలు, ధనసేకరణ, నగరపు పేటల సమస్యలు ఆయన కాలమును హరించినవి. అయినను ఆ యావరణమున మొక్కజొన్న మడి యొకటి యుండెను. పాత బట్టలతో కలుపుతీయుచున్న విశ్వవిద్యాలయాధిపతిని తోటమాలియని భ్రమించిన సందర్భములు గలవని ప్రతీతి.

1968లో ఆయన ఆ పదవిని వదలెను. వయస్సు అఱువదియైదేండ్లు. చేసినది చాలును, ఇక విశ్రమింతమని యనుకొనదగిన ప్రాయము. జన్యుశాస్త్రములో నోబెల్ బహుమాన మందినవానికి, ఇరువదియేడేండ్ల ప్రాయమున విడిచివచ్చిన యొక గడ్డి పరిశోధనకు మరలవలసిన యగత్యము లేదు. ఓడినచో నవ్వులపాలగుటయు గలదు. ఆయన చేనిలో దిగెను. 1971లో మెక్సికో కొండలయందు టియోసింటే వెదుకుటకు పండితులను, విద్యార్థులను వెంటగొని యొక యాత్ర సాగించెను. అడవి గడ్డిలో మొక్కజొన్నవైపు ఒరిగిన మార్పులు సహజముగా గలుగుచున్నవేమో చూడవలెనని ఆ యాత్ర యుద్దేశము. పేలాలతో దృప్తినొందక, గింజలను పెంకుతో గూడ పొడిచేయించి, ఆ మోటుపిండిని తానే కొన్ని దినములు తిని, దేహమునకు బాధ గలుగదని చూపెను. తిండియెట్లగునని యడిగినవారికి తిని చూపుటకంటె సూటియైన యుత్తర మేమి గలదు?

అన్నిటికంటె గొప్ప ప్రయత్నము వేఱు. మొక్కజొన్నకును టియోసింటేకును గల భేదము ఎన్ని జన్యువుల భేదము? వందలకొలది జన్యువులైనచో, కొన్ని వేలయేండ్లలో మనుష్యుడు ఒకదానిని మఱొకటిగా మార్చుట దుర్ఘటము. కొద్ది జన్యువులే ప్రధానమైనచో సాధ్యము. దీనిని తెలిసికొనుటకు బీడిల్ ఎత్తిన మార్గము మెండెల్ నాటిదే. తల్లిదండ్రులను సంకరపఱచిన, మొదటితరమున అన్నియు నడిమిరూపములే యగును. వానిని తమలో తాము ఫలింపజేసినచో, రెండవతరమున జన్యువులు కలగలుపై, కొన్ని మొక్కలు తాతవలె, కొన్ని అమ్మమ్మవలె అచ్చముగా మరల బుట్టును. భేదము ఒక జన్యువుదే యైనచో నాలుగింట నొకటి అచ్చమైన మొక్కజొన్నగా దిరిగివచ్చును. రెండైనచో పదునాఱింట నొకటి. మూడైనచో 64లో నొకటి. నాలుగైనచో 256లో నొకటి. ఐదైనచో 1,024లో నొకటి. పదియైనచో పదిలక్షలకు మించిన మొక్కలలో నొకటి. కావున చిన్న మడిలో పది ఇరువది మొక్కలు పెంచి చూచుటవలన ఏమియు తేలదు. వేలకు వేలు పెంచవలెను. ప్రతిదాని కంకిని విప్పి చూడవలెను.

మెక్సికో నగర సమీపమునందలి అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రము సాయమున బీడిల్ ఆ పని జరిపించెను. చపలోతే యను మెక్సికో దేశపు ప్రాచీన రకపు మొక్కజొన్నను, చాల్కో ప్రాంతపు టియోసింటేతో సంకరపఱచి, రెండవతరమున నించుమించు ఏబదివేల మొక్కలను పెంచిరి. నాగరికమైన మేలురకముగాక పాతకాలపు రకమును ఎంచుటలోనే ఆయన వివేకము గలదు. వేలయేండ్ల తరువాతి మెఱుగులను తొలినాటి మార్పులతో కలిపి లెక్కించినచో లెక్క తప్పును. అంత మహాక్షేత్రమున నడిమిరూపములు నానావిధములుగా నుండెను: మెత్తని పెంకుగలవి, సగము విరుగు కంకులవి, నాలుగువరుసల గింజలవి. వాని నడుమ అచ్చమైన మొక్కజొన్నవంటివి, అచ్చమైన టియోసింటేవంటివి, సుమారు ఐదువందలకు ఒక్కొక్కటి చొప్పున దొఱకినవి. 256కును 1,024కును నడుమ నిలిచిన సంఖ్య యిది. కావున ప్రధానభేదములు నాలుగైదు జన్యువులవని బీడిల్ నిర్ణయించెను. రాతిపెంకు గింజల గడ్డికిని, మన చేతి పొత్తునకును నడుమ నున్న యగాధము నాలుగైదు మెట్లు మాత్రమే యన్నమాట.

ఇక్కడ నొక మాట చెప్పక తీరదు. ఈ లెక్క అట్లు జరుగవచ్చునని చూపినదేగాని, అట్లే జరిగినదని చూపలేదు. నాలుగైదు జన్యువులతో టియోసింటే మొక్కజొన్న కాగలిగినచో, మొక్కజొన్నయు టియోసింటే కాగలదుగదా. మాంగెల్స్‌డార్ఫ్ కాలక్రమమున ట్రిప్సాక సంకరవాదమును విడిచినను, అడవి మొక్కజొన్నను విడువలేదు. 1970 దశకాంతమున మెక్సికోలోని హలిస్కో రాష్ట్రపు పర్వతములయందు రాఫేల్ గుజ్మాన్ అను విద్యార్థి, ఏటేట వేళ్లనుండి మరల చిగిర్చు నొక కొత్త టియోసింటేను కనుగొనగా, దానిచుట్టును ఆయన తన వాదమును నూతనముగా నల్లుకొనెను. వృద్ధులిరువురును తమతమ పక్షములను వదలలేదు. బీడిల్ 1980లో మరల తన వాదమును సమగ్రముగా ప్రకటించెను. ఆ మీదట జ్ఞాపకశక్తిని హరించు వ్యాధి ఆయనను బాధించినది. వాదము ఇతరుల చేతికి వచ్చినది.

ఆ యితరులలో ముఖ్యుడు జాన్ డోబ్లీ. ఆయన బీడిల్ చేసిన సంకరములనే మరల చేసి, కంటితోగాక క్రోమోసోముల గుర్తులతో వెదకెను. భేదములలో పెద్దవి ఐదు స్థలములందు గుమిగూడియున్నవని తేలినది. గింజను పెంకునుండి విడిపించిన జన్యుస్థానము 1993లో దొఱకినది; అందలి మార్పు ఒకేయొక అక్షరపు మార్పని పిదప గ్రహింపబడినది. ప్రక్కకొమ్మల నణచి ఒంటికాడను గలిగించు జన్యువు 1997లో చేజిక్కినది. 2011లో దాని కారణమును పరిశీలింపగా, క్రోమోసోములలో ఒకచోటనుండి మఱొకచోటికి దుముకు నొక తునుక అక్కడ వచ్చి చేరియుండుట కనబడెను. అట్టి తునుకలను మొక్కజొన్నయందే మొట్టమొదట కనిపెట్టినది, కార్నెల్ చేలలో బీడిల్‌తో గూడ తిరిగిన బార్బరా మక్లింటాక్ విదుషీమణి. 2002లో వెలువడిన పరిశోధనవలన, మొక్కజొన్న రకము లన్నిటికిని మూలము దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీప్రాంతపు టియోసింటే యనియు, సుమారు 9,000 ఏండ్ల క్రిందట ఒక్కపర్యాయమే ఆ మార్పు ఆరంభమయ్యెననియు తేలెను. 2009లో ఆ ప్రాంతపు నొక శిలాశ్రయమున, సుమారు 8,700 ఏండ్ల నాటి నూఱుఱాళ్లకు అంటియున్న మొక్కజొన్న పిండిరేణువులు దొఱకినవి. అనగా వారు పేలాలకన్న నూఱుటనే యెక్కువ నమ్ముకొనిరేమో; బీడిల్ ఊహ యీ యొక్కచోట కొంత సవరణ కోరును. మాంగెల్స్‌డార్ఫ్ పక్షమును పూర్తిగా తీసివేయుటయు న్యాయము కాదు. అడవిచుట్టముల రక్తము సాగుపైరులో కలియుట దాని చరిత్రలో పెద్దపాలు వహించినదని ఆయన పదేపదే చెప్పెను. ఆయన తలంచిన ట్రిప్సాకము కాదుగాని, కొండలపై పెరుగు మఱియొక టియోసింటే జన్యువులు నేటి మొక్కజొన్నలో గణనీయముగా గలవని 2023లో స్పష్టపడినది.

పూర్వికుడెవడో తేలుటతో, వ్రాతలెఱుగని బాల్సాస్ లోయవాసులకు రావలసిన గౌరవము వచ్చినది. వారికి జన్యువు తెలియదు, లెక్కలు తెలియవు. వేలాది మోటుకంకులలో ఏ యొక్కదాని పెంకు కొంచెము తెఱచుకొన్నదో, ఏది నేల రాలక చేతికి నిలిచినదో, దానిని గుర్తించి, ఆకలిగొన్న యేటను తినక, మఱుసటి తొలకరికి దాచియుంచిన కన్నులు వారివి. ఎవరో ఒక్కరు ఆ పని చేసి విడిచినచో ఫలము లేదు. మనుమలు, మునిమనుమలు అదే యెంపికను సాగింపవలెను. తమ పైరును అన్యులు కనిపెట్టిన వస్తువుగానో, నశించిన మొక్క మిగులుగానో గ్రంథములు వర్ణించుచుండగా, ఆ జాతులవారు మాత్రము నేటికిని మెక్సికో కొండలలో టియోసింటే ప్రక్కనే మొక్కజొన్నను విత్తుచున్నారు. కొన్నియెడల ఆ కలుపును పనిగట్టుకొని తీసివేయరు. దానితో గలిసిన తమ పైరు బలపడునని వారి నమ్మిక.

బీడిల్ 1989 జూన్ 9వ తేదీన కాలిఫోర్నియాలోని పొమోనా పట్టణమున మరణించెను. ఆయన ప్రతివాది మాంగెల్స్‌డార్ఫ్ అదే సంవత్సరము జూలై 22వ తేదీన గతించెను. తెవాకాన్ గుహల పొత్తులనుండియే చిన్న తునుకలు తీసికొని నూతనపద్ధతిని వాని వయస్సు కట్టిన పరిశోధనయు ఆ 1989లోనే వెలువడినది. అడవి మొక్కజొన్నవని మాంగెల్స్‌డార్ఫ్ చూపిన యా పొత్తులు ఆయన యెంచినదానికంటె వేయికిపైగా ఏండ్లు చిన్నవియని, సుమారు 5,500 ఏండ్ల నాటివని, అప్పటికి మొక్కజొన్న బహుకాలమునుండి మనుష్యుల సాగులోనిదేయని దానివలన తెలియవచ్చెను.